తిరగేయని చేప

ఆ ఇంట్లో నలభై మూడేళ్ళుగా ఎవరూ చేపను తిరగేయలేదు.

ఆవిరి మీద ఉడికించిన చేపను పళ్ళెంలో పెట్టి తెస్తే, ముందు పైవైపు మాంసం తినేవారు. తర్వాత వెన్నెముకను తోక దగ్గర పట్టి మెల్లిగా పైకెత్తి పక్కన పెట్టి, అడుగున ఉన్నది తినేవారు. చైనాలో పోయాంగ్ సరస్సు మీద బతికే పడవవాళ్ళ ఇళ్ళన్నిటా అంతే. బల్ల మీద చేపను తిరగేస్తే నీళ్ళ మీద పడవ తిరగబడుతుందని వాళ్ళ భయం. మిగతా ఇళ్ళలో అలవాటుగా జరిగిపోయే ఆ పని తూ రుయిలియన్‌కి మాత్రం పూటపూటా ఒక ఉదయాన్ని గుర్తుచేసేది.

అప్పుడు ఆమెకు ఏడేళ్ళు. చలికాలం మొదట్లో ఒక పొద్దున, నాన్న షుయిగెన్ సరస్సులోకి బయలుదేరబోతూ అన్నం తింటున్నాడు. అమ్మ బయట గిన్నెలు కడుగుతోంది. పళ్ళెంలో చేప పైవైపు అయిపోయింది. చేప బుగ్గ దగ్గరుండే మెత్తటి ముక్కంటే రుయిలియన్‌కి ప్రాణం. అవతలి బుగ్గ కోసం తినే పుల్లలతో చేపను ఒక్క తిప్పు తిప్పింది. చెంప మీద నానమ్మ చెయ్యి పడేదాకా ఏం చేసిందో తనకే తెలీలేదు.

"చిన్నపిల్ల, పోనీవే అమ్మా" అని నాన్న నవ్వాడు. ఇత్తడి గుండీల దూదికోటు వేసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఉత్తరపు గాలి లేచింది. నాన్న తిరిగి రాలేదు. తొమ్మిది రోజుల తర్వాత అవతలి ఒడ్డున రెల్లు పొదల్లో దొరికాడు. ఒంటి మీద కోటు లేదు. పడవ అసలే దొరకలేదు. గాలికి బోల్తా పడి ఉంటుందని అందరూ అనుకున్నారు.

నానమ్మ ఆ చేప మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంకో పన్నెండేళ్ళు బతికింది, ఒక్కసారైనా ఎత్తలేదు. తిట్టినా బావుండేదని రుయిలియన్ చాలాసార్లు అనుకుంది. తిట్టడానికి కూడా మాటల్లేనంత తప్పు చేశాననే అర్థం చేసుకుంది.

పెద్దయ్యాక ఊరి బళ్ళోనే సైన్సు టీచరయింది. గాలి ఎందుకు వీస్తుందో, పడవ ఎలా తేలుతుందో ఏటేటా ఐదో తరగతి పిల్లలకి చెప్పేది. చేపకీ పడవకీ ఏ సంబంధమూ లేదని ఆమెకు తెలుసు. తెలిసినదంతా తలలో ఉండేది. ఆ చెంపదెబ్బ ఇంకెక్కడో ఉండేది. పిల్లలతో ఎప్పుడూ "పేజీ తిప్పండి" అనలేదు. "తర్వాతి పేజీకి వెళ్దాం" అనేది.

*

ఆమెకు యాభై ఏళ్ళు వచ్చిన ఏడు, శరదృతువులో, నదిపందుల ప్రయోగశాల నుంచి బడికి ఒక ఉత్తరం వచ్చింది. సరస్సులో పాత చోట్ల పేర్లు తెలిసినవాళ్ళు కావాలని.

నదిపంది పేరుకే పంది. నిజానికి అది ఒక బూడిదరంగు డాల్ఫిన్ జాతి. వీపు మీద రెక్క ఉండదు. మూతి ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది. దాని పెద్దక్క లాంటి తెల్ల డాల్ఫిన్ యాంగ్‌ట్సీ నదిలో ఎప్పుడో కనుమరుగైపోయింది. మిగిలిన వీటినైనా దక్కించుకోవాలని సరస్సులో చేపల వేట మాన్పించారు. వలలు అప్పగించిన జాలర్లు కొందరు కాపలా పడవలు నడుపుతున్నారు. రుయిలియన్ చిన్నాన్న షుయిషెంగ్ వాళ్ళలో ఒకడు. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా పడవ దిగనంటాడు.

పేర్లు చెప్పడానికి వెళ్ళిన రుయిలియన్ ఆ పడవలోనే మొదటిసారి వెన్నెల అనే అమ్మాయిని చూసింది. మైలపల్లి వెన్నెల ఇండియాలో భీమిలి అనే సముద్రపు ఊరి నుంచి వచ్చిన ఇంజనీరు. ముప్పై ఏళ్ళుంటాయి. పుస్తకాలు చదివి నేర్చుకున్న చైనీస్ మాట్లాడేది. నడి సరస్సులో ఇంజన్ ఆపి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. చిన్నాన్న వండి తెచ్చిన చెరువు చేప సగం అయింది. వెన్నెల మాటల్లో పడి, పుల్లలతో దాన్ని చటుక్కున తిరగేసింది.

"ఒసేయ్ ఒసేయ్ ఒసేయ్!" చిన్నాన్న చేతిలో గిన్నె దించి కేకేశాడు. "నీ దుంప తెగ, నీళ్ళ మధ్యలో కూర్చుని చేసే పనేనా అది?"

వెన్నెల పుల్లలు గాల్లోనే ఆగిపోయాయి. "క్షమించండి తాతగారూ. నా వల్ల జరిగిన అపరాధం ఏమిటో దయచేసి తెలియజేయగలరా?"

"చూశావా లియన్? మళ్ళీ రేడియోలో వార్తలు చదువుతోంది." చిన్నాన్న పళ్ళెం ఎత్తి చేపను అలాగే సరస్సులోకి ఒంపేశాడు. "పోనీ, సరస్సు తినేసింది. ఇక నువ్వు తిరగేసినట్టు కాదు. ఇదిగో, ఉప్పు ముల్లంగి తిను."

సంగతి తెలుసుకుని వెన్నెల నాలిక కరుచుకుంది. "మేము కూడా జాలరి కుటుంబీకులమే. అయితే మా ఇంట చేపను ముక్కలు కోసి పులుసు పెడతారు. ముక్కకు పైవైపు ఏది, కిందివైపు ఏది?"

"అందుకే మీ పడవలు ఎటు తిరిగినా తేల్తాయి కాబోలు" అన్నాడు చిన్నాన్న.

రుయిలియన్ నవ్వలేదు. చేప పడ్డ చోట నీళ్ళు సర్దుకునేదాకా చూస్తూ కూర్చుంది.

*

ప్రయోగశాల అంటే సరస్సు నుంచి విడిపోయిన ఒక పాయ, దాని గట్టున రెండు గదులు. గాయపడి కోలుకుంటున్న నదిపందుల్ని ఆ పాయలో ఉంచేవారు. వాటిలో ఒక ఆడదాని పేరు తామరగింజ.

వెన్నెల ఒక పాత ఇత్తడి కెటిల్ తెచ్చి, అందులో చెంచా వేసి మూత బిగించి, తాడు కట్టి నీళ్ళలోకి దించింది. నీరు చిక్కటి టీ రంగులో ఉంది. మోచేతి దాకా ముంచితే వేళ్ళు కనపడవు. తామరగింజ ఎక్కణ్ణుంచో వచ్చి కెటిల్ ముందు ఆగి, తల అటూ ఇటూ ఊపింది.

గదిలో తెర మీద బూడిద చుక్కలు కొన్ని పోగయ్యాయి. చూస్తూండగానే అవి కెటిల్ ముక్కూ పిడీ అయ్యాయి. తామరగింజ ఇంకాస్త దగ్గరికి జరిగింది. కెటిల్ పక్కలు పలచబడ్డట్టయి, లోపల వాలుగా పడున్న చెంచా కనిపించింది.

రుయిలియన్ తెలియకుండానే తెర మీద వేలు పెట్టింది.

"నదిపంది సన్నని ధ్వనులను వెలువరిస్తుంది" అంది వెన్నెల. "అవి వస్తువును తాకి వెనుకకు వస్తాయి. వాటిని బట్టి అది లోకాన్ని దర్శిస్తుంది. మేము సరస్సు అడుగున మైకుల వంటి చెవులు పాతిపెట్టి, పక్కన నిలబడి వింటున్నాము. అంతే. దాన్ని తాకము, పట్టుకోము."

ఆ యంత్రానికి ప్రయోగశాల వాళ్ళు పెట్టుకున్న పేరు వినుచూపు. నదిపందులు ఏం తింటున్నాయో, ఎక్కడ ఈనుతున్నాయో తెలుసుకోవడానికి కట్టారు దాన్ని. ఓడల సోనార్లు వాటి చెవులు పాడుచేస్తాయని సరస్సులో ఎప్పుడో నిషేధించారు. కాబట్టి ఆ బురదనీళ్ళ అడుగున ఏముందో మనుషులెవరూ చూసింది లేదు. చూసినవి నదిపందులే.

అల్మారాలో ఒక పాత టేపు ఉంది. తెల్ల డాల్ఫిన్ గొంతు, మూడు నిమిషాలు. "దాని కంఠం మాత్రమే మిగిలింది" అంది వెన్నెల. "వినడానికి మేము ఆలస్యంగా వచ్చాము. అది ఏమి చూసిందో ఇక ఎవరికీ తెలియదు."

రుయిలియన్ ఆ రోజు సాయంత్రం దాకా పటం మీద పాత పేర్లు రాసింది. బాతుల తిన్నె. రెండు పొయ్యిలు. ముసలమ్మ దువ్వెన. రాసి రాసి ఒకచోట ఆగింది. అక్కడి పేరు ఎద్దుమెడ. నాన్న ఆ రోజు వెళ్ళిన మలుపు.

"మునిగిన పడవలు కూడా కనపడతాయా?" అని అడిగింది.

"మేకులు కూడా కనపడతాయి, తూ టీచర్."

*

ఎద్దుమెడలో ప్రయోగశాల వాళ్ళు చెవులు పాతిన మూడు వారాలకు మొదటి బొమ్మ వచ్చింది. బురదలో పదకొండు పడవల ఆకారాలు. ఏవి ఏ కాలానివో ఎవరు చెప్పగలరు? వెన్నెల తెరను పడవలోకే తెచ్చి, ఒక్కొక్కటీ పెద్దది చేసి చూపిస్తోంది. ఏడోదాని దగ్గర చిన్నాన్న చుక్కాని వదిలేసి ముందుకొచ్చాడు.

"ఆ లంగరు చూపించు."

నాలుగు కొక్కేల లంగరు. మూడు వంకరగా ఉన్నాయి, నాలుగోది తిన్నగా, వెడల్పుగా ఉంది.

"నాగటి కర్రు" అన్నాడు చిన్నాన్న. "కొక్కెం విరిగిపోతే అన్న నాగటి కర్రు అతికించుకున్నాడు. ఇట్టాంటి లంగరు ఇంకెవడికీ లేదు. ఊరంతా నవ్వారు. నేనూ నవ్వాను."

రుయిలియన్ తెర మీదికి వంగి అడిగింది. "పడవ ఎలా ఉంది? నిలబడి ఉందా, బోర్లా పడి ఉందా?"

లంగరు తేటగానే ఉంది గానీ, దానికి దూరంగా ఉన్న పడవ ఒట్టి మసక ముద్దలా ఉంది. నదిపందులు అటుగా పోతూ పోతూ చూసిన చూపు అది. ఇంకా తేటగా రావాలంటే అవి అక్కడే ఆగాలి, చాలాసేపు, చాలా దగ్గరగా. ఎద్దుమెడలో అవి మామూలుగా ఆగవు.

వెన్నెల కళ్ళు దించుకుంది. "ఒక మార్గం ఉన్నది."

దారి తప్పిన పిల్ల తల్లి కోసం వేసే కూతను ప్రయోగశాల వాళ్ళు ఒకసారి పట్టి దాచారు. దాన్ని నీళ్ళలో వినిపిస్తే చుట్టుపక్కల తల్లులన్నీ వచ్చి వెతుకుతాయి. అడుగు అంగుళం వదలకుండా వెతుకుతాయి. అంతకంటే మంచి చూపు ఉండదు.

"ఎన్నిసార్లు వినిపించారు?"

"ఒక్కసారి. కిందటి ఏడాది, నేనే." వెన్నెల గొంతులో వార్తలు చదివే తీరు పోయింది. "పది నిమిషాలే పెట్టాను. తామరగింజ రెండు రోజులు వెతికింది, టీచర్. లేని పిల్ల కోసం తిరిగి తిరిగి ఓడ మర రెక్కకి తగిలి గాయపడింది. దానికి సొంత పిల్ల ఉంది అప్పుడు. చిన్నది. దాన్ని వదిలేసి వచ్చింది. మేం దొరకబుచ్చుకునేసరికి అది బతికి లేదు."

తెర వెలుగు తగ్గించింది.

"ఆ నదిపంది చూసిన బొమ్మలు అద్దంలా వచ్చాయి" అంది చివరికి. "వాటికే నాకు బహుమతి ఇచ్చారు. మీకోసం అయిదు నిమిషాలు పెడతాను. మా పెద్దసారుకి నేను చెప్పుకుంటాను. పడవ ఎలా ఉందో మీకు అంత ముఖ్యమైతే పెడతాను."

"వినిపించు" అంది రుయిలియన్.

వెన్నెల తలకు పెట్టుకునే చెవిగొట్టం అందించింది. మనిషి చెవికి అందేలా మార్చిన కూత. సన్నగా, తడి గాజు మీద వేలు రాసినట్టుంది. ఆగి, మళ్ళీ. ఆగి, మళ్ళీ. బళ్ళో మొదటి రోజు దింపి వెళ్ళిన తల్లుల వెనకాల పిల్లలు ఏడ్చే ఏడుపు అలాగే ఉంటుంది: జవాబు వస్తుందేమోనని మధ్యమధ్యలో ఆగుతూ. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె ఆ ఏడుపు వింటోంది.

చెవిగొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వద్దు" అంది.

"తూ టీచర్, అయిదు నిమిషాలు..."

"వద్దమ్మాయ్. నలభై మూడేళ్ళు తెలీకుండానే ఉన్నాను. ఇంకా ఉంటాను. నా చింత తీర్చడానికి ఇంకో తల్లిని తిప్పొద్దు."

"బోర్లా పడిందో లేదో తెలిస్తే ఏమవుతుంది?" అని వెన్నెల మెల్లిగా అడిగింది.

అప్పుడు చెప్పింది రుయిలియన్. ఆ చేప, అవతలి బుగ్గ, చెంపదెబ్బ. ఎవరికీ చెప్పని మాటలు కావడంతో చాలా కొద్దిగా వచ్చాయి, అయిదారు వాక్యాల్లో అయిపోయాయి. చెప్పేటప్పుడు ఆమె వెన్నెలనే చూస్తోంది. చుక్కాని దగ్గర చిన్నాన్న వీపు మాత్రం కనిపిస్తోంది. ఆ వీపు కదల్లేదు.

పడవ రేవుకి వచ్చాక, తాడు కడుతూ, అటే చూస్తూ అన్నాడు చిన్నాన్న. "పిలవక్కర్లేదు వాటిని."

"ఏంటి చిన్నాన్నా?"

"పెద్ద గాలి వచ్చే ముందు నదిపందులు గాలికి దణ్ణం పెడతాయి. గాలి వచ్చే వైపుకి మూతి పెట్టి లేచి లేచి మునుగుతాయి. అది చూసే మేం పడవలు ఒడ్డుకి తెచ్చేవాళ్ళం. ఎక్కడబడితే అక్కడ పెట్టవవి. ఎద్దుమెడలోనే. అక్కడ లోతు కదా, గాలి తగ్గేదాకా అక్కడే ఉంటాయి. పూటంతా." ముడి బిగించాడు. "అన్న పోయాక నేనా మలుపుకి పోలేదు. అందుకే ఈ పిల్లకి చెప్పలేదు. మొదటి ఉత్తరపు గాలికి వెళ్దాం. పొద్దున్నే వెళ్ళి, గాలి ముదరక ముందే వచ్చేద్దాం."

*

ఆ గాలి కోసం ఇరవై ఆరు రోజులు చూశారు. ఈలోగా సైబీరియా నుంచి తెల్లకొంగలు వేలకు వేలు దిగాయి. నీరు తగ్గిన మడుల్లో తామర దుంపలు తవ్వుకు తింటూ బడి గోడ దాకా వచ్చాయి. రుయిలియన్ పాఠాలు చెప్పింది, పరీక్ష కాగితాలు దిద్దింది. ఇంట్లో అమ్మ అయిజెన్‌తో ఏమీ అనలేదు. అయిజెన్‌కి డెబ్భై మూడేళ్ళు. లేని ఆశ కల్పించడం ఇష్టం లేకపోయింది.

ఇరవై ఏడో రోజు ఆదివారం. ఆకాశం తగరం రంగులో ఉంది. గాలి ఇంకా లేదు, ఆకైనా కదలడం లేదు. చిన్నాన్న తలుపు కొట్టలేదు, కిటికీలోంచి "లియన్, పద" అన్నాడు.

ఎద్దుమెడలో ఇంజన్ ఆపేశారు. నీళ్ళు నూనెలా ఉన్నాయి. మొదట ఒక బూడిద వీపు లేచి మునిగింది, ఉత్తరానికి. తర్వాత రెండు. తర్వాత లెక్కపెట్టడం మానేశారు. అన్నీ ఒకేవైపుకి తిరిగి, నవ్వుముఖాలతో తలెత్తి, వంగి, మునుగుతున్నాయి. నిజంగా దణ్ణాలు పెడుతున్నట్టే ఉంది. వెన్నెల నోరు తెరుచుకుని చూస్తుంటే చిన్నాన్న ఆమె భుజం మీద తట్టాడు. "వాటిని తర్వాత చూద్దువు గానీ, నీ తెర చూడు."

తెర మీద చుక్కలు వానలా పడుతున్నాయి.

మసక ముద్దకి అంచులొచ్చాయి. అంచులు పలకలయ్యాయి. పడవ ముక్కు తెర మీదికి తేలింది. పొయ్యి పెట్టుకునే మట్టి అరుగు, దాని మీద కుండ. అరుగు మీద కుండ! బోర్లా పడ్డ పడవలో అరుగు మీద కుండ ఉండదు. రుయిలియన్ ఆ కుండ మీద వేలు ఆనించింది. వెన్నెల అంది, తన పుస్తకాల భాషను పూర్తిగా మర్చిపోయి.

"నిలబడి ఉంది, టీచర్! తిన్నగా నిలబడి ఉంది!"

"కిందికి పోనీ" అన్నాడు చిన్నాన్న. "అడుగు చూపించు."

ముందరి చేపల అర కింద, అడుగు పలకలోంచి ఒక లావాటి గుంజ లోపలికి పొడుచుకు వచ్చింది. నదిపందుల చూపు చెక్కలోంచి కూడా పోతోంది కదా, గుంజ పైకొనా, బురదలో పాతుకున్న కింది కొనా రెండూ కనిపించాయి.

"వలగుంజ" అన్నాడు చిన్నాన్న. "మా తాతల కాలంలో ఈ మలుపుకి అడ్డంగా గుంజలు పాతి వలలు కట్టేవాళ్ళు. పైన విరిగిపోయినా కింద మొదళ్ళు ఉండిపోయాయి. నీళ్ళు తగ్గే రోజులు. కనపడి ఉండదు అన్నకి."

గుంజ చుట్టూ, పలక చిరిగిన చోట, చిన్న చిన్న గుండ్రటి చుక్కలున్నాయి. చెక్క కంటే గట్టివి, మేకుల్లా పొడుగ్గా లేవు. వెన్నెల పెద్దవి చేసింది. అయిదు. ఒక్కోదానికి వెనక చిన్న కన్నం.

"ఇవేమిటి?" అంది.

రుయిలియన్‌కి తెలుసు. ఏడేళ్ళ పిల్ల కళ్ళకి సరిగ్గా ఎదురుగా ఉండేవి అవి, నాన్న ఎత్తుకున్నప్పుడల్లా. చల్లగా తగిలేవి చెంపకి.

"కోటు గుండీలు" అంది. "కోటు విప్పి కన్నంలో కుక్కాడు."

పడవ మధ్యలో నీళ్ళు తోడే రేకు డబ్బా పడుంది. లంగరు వేసి పడవని నిలబెట్టాడు. కోటు కుక్కాడు. తోడాడు. ఇక కాదనుకున్నాక ఈదాడు. ఒడ్డు దాకా ఈదాడు కూడా. అందుకే రెల్లులో దొరికాడు. చలి అతన్ని అక్కడ పట్టుకుంది.

"బోల్తా పడలేదు" అంది రుయిలియన్. మళ్ళీ అంది. అన్నకొద్దీ మాట తేలికవుతోంది. చిన్నాన్న తల తిప్పుకుని ఇంజన్ తాడు లాగాడు, అది అంటుకోలేదు, రెండోసారి లాగాడు.

"పోదాం పదండి, గాలి వస్తోంది" అన్నాడు. "వీటి దణ్ణం మాత్రం నిజమే."

*

ఆమెను ఊరి రేవులో దింపి, వెన్నెలను అవతల ప్రయోగశాల దగ్గర దింపడానికి చిన్నాన్న వెళ్ళిపోయాడు. రుయిలియన్ ఇంటికి వచ్చేసరికి కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. అమ్మ అల్లం, ఉల్లికాడ వేసి చేపను ఆవిరి మీద పెట్టింది.

రుయిలియన్ తడి చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడి చెప్పింది. కుండ, గుంజ, డబ్బా. చివర గుండీలు.

"అయిదూ ఉన్నాయా?" అంది అయిజెన్.

"అయిదూ."

"నేనే కుట్టా. రెండు పేటల దారంతో కుట్టా, ఊడకుండా." అమ్మ పొయ్యి పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వాటినే చూసుకుంది. "అయితే బోల్తా పడలేదు."

"లేదమ్మా."

"నేను గిన్నె బోర్లించా" అంది అమ్మ.

రుయిలియన్‌కి అర్థం కాలేదు.

"ఆ పొద్దున. గిన్నెలు కడిగి, నీళ్ళు ఓడాలని పెద్ద గిన్నె బోర్లించి పెట్టా, గట్టు మీద. పడవవాళ్ళ ఇంట్లో బోర్లిస్తారా ఎవరైనా? చూసుకుని వెంటనే తీశా. ఎవరూ చూళ్ళేదు. కానీ అప్పటికే మీ నాన్న రేవు దాటాడు." తలెత్తింది. "నువ్వెందుకే అట్టా ఏడుస్తున్నావు?"

"నేను చేప తిరగేశాను."

"ఎప్పుడు?"

"ఆ రోజే అమ్మా. నాన్న తింటుంటే. నానమ్మ నన్ను కొట్టింది కదా?"

"నాకు తెలీదే." అయిజెన్ కూతురి ముఖంలోకి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "మీ నానమ్మ నాకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. పన్నెండేళ్ళు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నాం ఇద్దరం. ఊళ్ళోవాళ్ళు ఏం తప్పు జరిగిందని అడిగినప్పుడల్లా, మా ఇంట్లో ఏ తప్పూ జరగలేదని మీదపడి పోట్లాడేది."

రుయిలియన్ గోడకి ఆనుకుంది. తిట్టడానికి మాటల్లేక కాదన్నమాట. కొడుకు పోయిన మనిషి ఆ మాటను పన్నెండేళ్ళు పంటి కింద పట్టుకుని, ఏడేళ్ళ పిల్ల మీద ఊరి నీడ పడకుండా కాపు కాసింది. చివరికి తనతో పాటే తీసుకుపోయింది.

"గిన్నె ఎంతసేపు బోర్లించావు?" అని అడిగింది.

"ఎంతసేపా? పది అంకెలు లెక్కపెట్టేంత."

"నాదీ అంతే."

ఎవరు ముందు నవ్వారో తెలీదు. అమ్మ నవ్వుతూ ముక్కు చీది, మళ్ళీ నవ్వి, "చేప మరీ ఉడికిపోతుంది" అని లేచింది.

బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. పైవైపు తినేశారు, మెల్లిగా, ఇవతలి బుగ్గతో సహా. అలవాటు కొద్దీ అయిజెన్ చెయ్యి వెన్నెముక ఎత్తడానికి తోక దగ్గరికి వెళ్ళింది. ఆగింది.

"నువ్వే తిరగెయ్" అంది.

రుయిలియన్ పుల్లలు తీసుకుంది. చేప కిందికి దూర్చింది. బయట గాలికి రేకు ఒకటి ఊళ పెట్టింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆగు" అంది అమ్మ. "మీ చిన్నాన్న ఇంకా నీళ్ళ మీదే ఉన్నాడేమో."

రుయిలియన్ పుల్లలు బయటికి లాగి ఫోన్ తీసింది. మూడు మోతలకి ఎత్తాడు.

"చిన్నాన్నా, ఎక్కడున్నావు?"

"ప్రయోగశాల రేవులో. కట్టేశా. ఈ పిల్ల కక్కుకుని కక్కుకుని తోటకూర కాడలా అయిపోయింది. సముద్రం పక్కన పుట్టానంటుంది, ఎందుకూ? ఏం, ఏమైంది?"

"ఏం లేదు. అమ్మ చేప వండింది."

అటువైపు గాలి హోరు మాత్రం వినిపించింది.

"ఒక్క క్షణం ఉండు" అన్నాడు చిన్నాన్న. "నేనింకా పడవలోనే నిలబడ్డా. దిగనీ." చెక్కల చప్పుడు, ఎవరినో కేకేయడం, మళ్ళీ చెక్కల చప్పుడు. "ఆఁ. నేను దిగా. ఆ పిల్లనీ దింపా. ఇద్దరం గట్టు మీద ఉన్నాం, మట్టి మీద. ఇప్పుడు కానివ్వండి."

రుయిలియన్ ఫోన్ బల్ల మీద పెట్టింది. పుల్లలు చేప కిందికి దూర్చి, తోక దగ్గర అమ్మ పుల్లలు కూడా సాయం రాగా, ఒక్క తిప్పు తిప్పింది. అవతలి వైపు ఇంకా ఎవరూ ముట్టని తెల్లదనంతో, ఉల్లికాడ ముక్క ఒకటి అంటుకుని, పైకి వచ్చింది.

అయిజెన్ బుగ్గ ముక్కను జాగ్రత్తగా ఒలిచి కూతురి గిన్నెలో వేసింది.

అది కొంచెం చల్లారిపోయింది. అయినా బావుంది.